ఏ పిల్లలకి ఏ రచయిత బాల్యం? బొమ్మల జీవితకథల్లో ఎంపిక

"ఈ కథ రాసినాయన చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?" అని పిల్లలు అడిగే వయసు ఒకటి వస్తుంది. ఆరేళ్లకో, ఏడేళ్లకో. అంతవరకూ వాళ్లకి టోపీ పెట్టుకున్న పిల్లి తెలుసు, పందిపిల్ల తెలుసు, సాలీడు తెలుసు. వాటి వెనక ఒక మనిషి కూర్చుని రాశాడన్న సంగతి పట్టదు. పట్టిందంటే ఇక ప్రశ్నలు ఆగవు. వాళ్లమ్మ తిట్టేదా? బడికి వెళ్లేవాడా? కుక్క ఉండేదా? ఈ ప్రశ్నల కోసమే ఇంగ్లీషులో ఒక రకం పుస్తకాలున్నాయి. పిల్లల రచయితల బాల్యాన్ని పేజీ నిండా బొమ్మలతో, ఒకటి రెండు రాత్రుల్లో చదివి ముగించేంత నిడివిలో చెప్పే జీవితకథలు అవి. గత ఇరవై ఏళ్లలో చాలానే వచ్చాయి. మనసుకు పట్టేవీ ఉన్నాయి, పేరు చూసి కొన్నాక అరలోంచి మళ్లీ కిందికి దిగనివీ ఉన్నాయి. దిగుమతి అయ్యే గట్టి అట్ట పుస్తకం మన దగ్గర చవకేమీ కాదు కాబట్టి కొనేముందు కాస్త ఆలోచించుకోవడం మంచిది.

నేనైతే ముందు చివరి పేజీలు తిప్పుతాను. కథ ఏ వయసు దగ్గర ఆగిందో చూస్తాను. ఏడేళ్ల పిల్లకి ఒక పెద్దాయన అందుకున్న అవార్డులతో పనిలేదు. ఆయనకి ఏడేళ్లప్పుడు ఏం జరిగిందో కావాలి. బాల్యాన్ని నాలుగు పేజీల్లో దాటించేసి పేరు ప్రఖ్యాతుల దగ్గరికి పరుగెత్తే పుస్తకం వాళ్లకి రుచించదు. రెండోది, చిన్నప్పుడు తగిలిన దెబ్బల్ని పుస్తకం ఏం చేసిందని చూస్తాను. అవమానం, పేదరికం, ఇంట్లో చావు, ఇవి దాదాపు ప్రతి రచయిత బాల్యంలోనూ ఉన్నాయి. వాటిని దాచేస్తే కథ చప్పగా ఉంటుంది. చెప్పీ చెప్పనట్టు వదిలేస్తే పిల్లలు బెంగపడతారు. ఈ రెండూ తేలాకే వయసు, భాష, ధర.

మొదటి పుస్తకంగా డాక్టర్ స్యూస్

ఒక్కటే కొనగలం, పిల్లకి ఆరుకీ తొమ్మిదికీ మధ్య వయసు అంటే నేను చెప్పేది క్యాథ్లీన్ క్రల్ రాసిన 'ది బాయ్ ఆన్ ఫెయిర్‌ఫీల్డ్ స్ట్రీట్'. టోపీ పిల్లి కథ రాసిన డాక్టర్ స్యూస్ పుట్టి నూరేళ్లయిన సందర్భంలో, 2004లో వచ్చింది. బొమ్మలు స్టీవ్ జాన్సన్, లూ ఫాంచర్ దంపతులవి. థియోడర్ స్యూస్ గైసెల్ (డాక్టర్ స్యూస్ అసలు పేరు ఇదే, ముద్దుగా టెడ్) అనే కుర్రాడి మొదటి 22 ఏళ్ల దగ్గరే ప్రధాన కథ ఆగిపోతుంది. అప్పటికి అతని పేరు మీద ఒక్క పిల్లల పుస్తకం కూడా లేదు. టోపీ పిల్లి రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లుంది. ఆ తర్వాతి జీవితమంతా చివర విడిగా ఇచ్చారు, కావాలంటే చదువుకోవచ్చు, లేదంటే మానేయొచ్చు. ఇలాంటి పుస్తకానికి ఇంతకంటే మంచి అమరిక నాకు తోచదు. కథ నడిచే పేజీల్లో పెద్ద పెద్ద రంగుల చిత్రాలు పాతకాలపు ఊరిని చూపిస్తుంటే, మాటల పక్కన స్యూస్ సొంత పుస్తకాల్లోని చిన్న బొమ్మలు తొంగిచూస్తుంటాయి. ఇదేదో నాకు తెలిసిన జంతువే అని పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. బాల్యానికీ పుస్తకాలకీ మధ్య లంకెను ఎవరూ వివరించక్కర్లేకుండానే వాళ్లే పట్టుకుంటారు.

ఆ బాల్యం కూడా పిల్లలకి చెప్పదగ్గది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు. జర్మనీ నుంచి వచ్చిన కుటుంబం. నాన్న వైపు వాళ్లది బీరు తయారీ, అమ్మ వైపు వాళ్లది బేకరీ. బేకరీలో పెరిగిన అమ్మ, హెన్రియెటా, అక్కడ అమ్మే పైల, అంటే లోపల పూర్ణం పెట్టి కాల్చే వంటకాల, పేర్లన్నీ లయగా వల్లిస్తూ పిల్లల్ని నిద్రపుచ్చేది. తన పద్యాల నడకకి మూలం అమ్మేనని స్యూస్ తర్వాత చెప్పుకున్నాడు. ఊళ్లో ఫారెస్ట్ పార్క్ జూ ఉంది. అక్కడి జంతువుల్ని చూసొచ్చి, ఉన్నవి ఉన్నట్టు కాకుండా చెవులు ఎక్కడో, కాళ్లు ఎక్కడో పెట్టి పడకగది గోడల మీద గీసేవాడు. అమ్మ గోడలు పాడుచేశావని అనలేదు. ఈ పేజీ దగ్గర పిల్లలు మనవైపు ఓరగా చూస్తారు, సిద్ధంగా ఉండండి.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్ ఇంటిపేరు ఉన్నందుకు వీధిలో పిల్లలు వెంటపడి ఏడిపించారు. 1920లో మద్యనిషేధంతో కుటుంబ వ్యాపారం మూతపడింది. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతిని ఈ పుస్తకం చదివే ప్రతి పిల్లకీ కాస్త నెమ్మదిగా చెప్పాలంటాను. 1918లో టెడ్‌కి పద్నాలుగేళ్లు, బాయ్ స్కౌట్. యుద్ధనిధి కోసం బాండ్లు బాగా అమ్మిన పదిమంది కుర్రాళ్లకి పతకాలిస్తామన్నారు. ఇవ్వడానికి మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చాడు. ఊరంతా హాల్లో కూర్చుంది. టెడ్ పదోవాడు. రూజ్‌వెల్ట్ చేతికి అందించిన పతకాలు తొమ్మిదే. తొమ్మిదిమందికీ ఇచ్చేశాక ఖాళీ చేతులతో నిలబడి, ఈ పిల్లాడు ఇక్కడేం చేస్తున్నాడని గట్టిగా అడిగాడట. పతకం ఒకటి తక్కువైందని ఎవరూ సర్దిచెప్పలేదు. కుర్రాణ్ణి వేదిక మీంచి చకచకా దింపేశారు. స్యూస్ తానే చెప్పుకున్న జ్ఞాపకం ఇది. ఆ తర్వాత జీవితమంతా వేదిక ఎక్కాలంటే వణుకే. బడి వార్షికోత్సవంలో మాట మరిచిపోయి ఏడ్చిన పిల్ల ఇంట్లో ఉంటే, ఇది విన్నాక తన సంగతి తానే చెప్పడం మొదలుపెడుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది, ముఖ్యంగా అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లకి. స్యూస్ పుట్టిన మార్చి 2న చదువు పండుగ చేసే 'రీడ్ అక్రాస్ అమెరికా' కార్యక్రమాన్ని అక్కడి ఉపాధ్యాయ సంఘం 1998లో మొదలుపెట్టింది. ఇటీవలి ఏళ్లలో ఆ కార్యక్రమం స్యూస్ నుంచి పక్కకి జరిగి, అన్ని జాతుల పిల్లలూ కనిపించే పుస్తకాల వైపు వెళ్లింది. 2021లో ఆయన హక్కుదారుల సంస్థే ఆరు పుస్తకాల ముద్రణ ఆపేసింది, కొన్ని జాతులవాళ్లని కించపరిచేలా బొమ్మలున్నాయని. ఆ ఆరింటిలో 1937లో వచ్చిన ఆయన మొదటి పిల్లల పుస్తకం కూడా ఉంది. ఈ జీవితకథలో ఆ చర్చ దొరకదు, 2004 నాటిది కదా. తొమ్మిదేళ్లు దాటిన పిల్లకైతే ఆ సంగతి మీరే చెప్పండి. చిన్నప్పుడు జర్మన్ పేరు మోసినందుకు రాళ్లు తిన్నవాడే, పెద్దయ్యాక రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలోని జపనీయుల మీద అనుమానం రేకెత్తించే కార్టూన్లు వేశాడు. ఇది పిల్లలకి అర్థం కాదనుకోవద్దు. వాళ్ల తరగతిలోనే ఇలాంటివి రోజూ చూస్తుంటారు.

బొమ్మలు గీసే పిల్లలున్న ఇంటికి ఎజ్రా జాక్ కీట్స్

అదే చిత్రకారుల జంట పన్నెండేళ్ల తర్వాత, 2016లో, మరో రచయిత ఎజ్రా జాక్ కీట్స్ బాల్యానికి బొమ్మలు వేసింది. పుస్తకం 'ఎ పోయెమ్ ఫర్ పీటర్', రాసింది ఆండ్రియా డేవిస్ పింక్నీ. ఇది పూర్తిగా పద్యంలో నడుస్తుంది. మంచులో ఎర్ర కోటు వేసుకుని తిరిగే పీటర్ అనే నల్లజాతి పిల్లాడి మీద కీట్స్ రాసిన కథ, 'ది స్నోయీ డే', 1962లో వచ్చింది, మరుసటి ఏడాది, అమెరికాలో బొమ్మల పుస్తకాలకి ఇచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది. ఆ పీటర్‌తోనే మాట్లాడుతున్నట్టుగా, నిన్ను సృష్టించినవాడు ఇలా పెరిగాడు అని చెబుతుంది ఈ పుస్తకం.

స్యూస్ పుస్తకంతో పోలిస్తే ఇది పొడుగు, బరువు కూడా ఎక్కువ. పైకి చదివితేనే అందం. పిల్ల చేతికిచ్చి నువ్వు చదువుకో అంటే పద్యపు విరుపుల దగ్గర తడబడుతుంది. ఏడేళ్లు నిండాక, రెండు మూడు రాత్రులకి పంచుకుని మీరు చదివి వినిపించండి. 'ది స్నోయీ డే' ముందు చదవని పిల్లకి ఇది అసలు ఇవ్వొద్దు. పీటర్ ఎవరో తెలియకపోతే పుస్తకం సగం పోయినట్టే.

అయినా తెలుగు తల్లిదండ్రులకి దీన్ని గట్టిగా సిఫారసు చేయడానికి నాకో కారణం ఉంది. కీట్స్ 1916లో బ్రూక్లిన్‌లో, పోలండ్ నుంచి వచ్చిన పేద యూదు దంపతులకి పుట్టాడు. పుట్టినప్పటి పేరు జేకబ్ ఎజ్రా కాట్జ్. తండ్రి బెంజమిన్ ఒక కాఫీ హోటల్లో సర్వరు. బొమ్మలేసుకుంటే అన్నం పుట్టదని ఆయన భయం. కొడుకుని హెచ్చరిస్తూనే ఉండేవాడు. అలా అంటూనే అప్పుడప్పుడు రంగుల గొట్టాలు ఇంటికి తెచ్చేవాడు. ఆకలితో ఉన్న చిత్రకారుడెవరో సూపు గిన్నె కోసం వీటిని ఇచ్చి పోయాడు, చూశావా వాళ్ల గతి, అనేవాడు. కొనిచ్చానని ఒప్పుకోవడం ఇష్టంలేక చెప్పిన మాట అది. 1935లో, కొడుకు హైస్కూలు పట్టా పుచ్చుకోబోయే ముందురోజు, గుండెపోటుతో పోయాడు. శవాన్ని గుర్తించడానికి వెళ్లిన కొడుక్కి తండ్రి పర్సులో నలిగిపోయిన కాగితాలు దొరికాయి. తన బొమ్మలకి బహుమతులొచ్చినట్టు పేపర్లో పడిన వార్తల ముక్కలు.

లెక్కల ట్యూషన్ మాన్పించి డ్రాయింగ్ క్లాసుకి పంపాలా వద్దా అని ఇంట్లో వాదన నడుస్తుంటే, పిల్లకంటే ముందు పెద్దవాళ్లు ఈ జీవితం తెలుసుకోవాలి.

సిగ్గరి పిల్లలకి ఈ. బి. వైట్, అందులోనూ రెండు దారులు

పందిపిల్ల, సాలీడుల కథ 'షార్లట్స్ వెబ్' రాసిన ఈ. బి. వైట్ మీద ఒక ఏడాది తేడాలో రెండు పుస్తకాలొచ్చాయి, కొనేవాళ్లు ఒకదాని బదులు ఒకటి తెప్పించేసుకుంటారు. రెండూ మంచివే, వయసు మాత్రం వేరు.

బార్బరా హెర్కర్ట్ రాసి, లారెన్ కాస్టిల్లో బొమ్మలు వేసిన 'ఎ బాయ్, ఎ మౌస్, అండ్ ఎ స్పైడర్' 2017ది. అయిదారేళ్ల పిల్లలకి కూడా పనికొస్తుంది. మాటలు తక్కువ, గీతలు మెత్తన. జబ్బుపడి మంచం మీదున్న పిల్లాడికి ఒక చిట్టెలుక నేస్తం కావడం దగ్గర మొదలవుతుంది. నిజంగానే వైట్ చిన్నప్పుడు ఎలుకని పెంచుకున్నాడు, తొమ్మిదో ఏట ఎలుక మీద కవిత రాసి ఒక పత్రికలో బహుమతి తెచ్చుకున్నాడు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. తరగతిలో అందరి ముందు నిలబడి ఏదైనా చదవాలంటే ప్రాణం మీదికొచ్చేది. అక్షరక్రమంలో పిలిచేవాళ్లు కాబట్టి డబ్ల్యూతో మొదలయ్యే ఇంటిపేరు అతన్ని చాలాసార్లు కాపాడింది. నా ప్రమాణం ప్రకారం ఈ పుస్తకానికి ఒక లోటుంది: బాల్యం దగ్గర ఆగదు, పెద్దయ్యాక పత్రిక ఉద్యోగం, మెయిన్ రాష్ట్రంలో పొలం, పుస్తకాలు, అన్నీ చుట్టేస్తుంది. ఎలుక, సాలీడు మొదటినుంచీ చివరిదాకా ఉంటాయి గనక చిన్నపిల్లలకి దారి తప్పదు.

రెండోది మెలిస్సా స్వీట్ చేసిన 'సమ్ రైటర్!', 2016. చేసిన అనడం ఎందుకంటే రాతతో పాటు కత్తిరింపులు, అతికింపులు, ఉత్తరాలు, ఫొటోలు, టైపు చేసిన కాగితాలు, అన్నీ కలిపి పేజీలు పేర్చారు. 'షార్లట్స్ వెబ్' మొదటి అధ్యాయానికి వైట్ రాసి కొట్టేసిన పాత ప్రతులు అందులో చూడొచ్చు. నిడివి ఎక్కువ, అధ్యాయాలున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు, అందులోనూ నోటుబుక్కులో సొంతంగా కథలు రాసుకునేవాళ్లు, వారాల తరబడి దీన్ని వదలరు. తెల్లటి కాగితం మీద పొరపాటే లేకుండా రాయాలని ఏడ్చే పిల్లకి, అంత పెద్ద రచయిత కొట్టివేతల్ని చూపించడం నిజంగా పనిచేస్తుంది.

వైట్ జీవితంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం బాల్యంలోది కాదు. పొలంలో కొట్టం దగ్గర ఒక సాలీడు గుడ్ల సంచి అల్లడం చూశాడు. న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఆ సంచిని కోసి, మిఠాయి పెట్టెలో పెట్టి, వెంట తీసుకెళ్లాడు. పడకగదిలో బీరువా మీద పెట్టి మరిచిపోయాడు. కొన్నాళ్లకి మూతకున్న కన్నాల్లోంచి లెక్కలేనన్ని సాలీడు పిల్లలు బయటికొచ్చి, ఆయన దువ్వెనకీ గోళ్ల కత్తెరకీ అద్దానికీ మధ్య దారాలు అల్లేశాయి. ఆయన వాటిని దులపలేదు, అలాగే ఉండనిచ్చాడు. చివరికి పనిమనిషి ఇక గది శుభ్రం చేయలేనంటే అప్పుడు తీయించాడు. షార్లట్ పిల్లల కథ చదివిన ఏ పిల్లకైనా ఇది చెప్పి చూడండి.

మరికొన్ని, క్లుప్తంగా

మార్గరెట్ వైజ్ బ్రౌన్, 'గుడ్‌నైట్ మూన్' రాసినావిడ, 42 ఏళ్లే బతికింది. మ్యాక్ బార్నెట్ ఆమె మీద 2019లో రాసిన పుస్తకం కూడా సరిగ్గా 42 పేజీలు. చాలా తెలివైన పుస్తకం. వరుసగా చెప్పదు, మధ్యమధ్యలో పాఠకుణ్ణి ప్రశ్నలడుగుతుంది. చిన్నప్పుడు పెంచుకున్న కుందేలు చచ్చిపోతే ఆమె దాని తోలు ఒలిచి ఒంటికి చుట్టుకుందన్న సంగతీ ఉంది, ఆమె చావూ ఉంది. జంతువుల విషయంలో మెత్తటి మనసున్న పిల్లకి ఇవ్వొద్దు. ఎదురు ప్రశ్నలేసే ఎనిమిదేళ్ల పిల్లకి దీన్ని మించింది లేదు.

అల్లరి కోతి జార్జ్‌ని సృష్టించిన రే దంపతుల కథ లూయీజ్ బోర్డెన్ 2005లో రాశారు, బొమ్మలు ఆలన్ డ్రమండ్‌వి. మొదటి సగం వాళ్ల బాల్యంతో మొదలవుతుంది: హాంబర్గ్‌లో హాగెన్‌బెక్ జూ దగ్గర జంతువుల గొంతులు అనుకరిస్తూ పెరిగిన హాన్స్. రెండో సగం 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌లోకి రావడానికి రెండు రోజుల ముందు, విడిభాగాలు కొని తానే బిగించిన సైకిళ్ల మీద భార్యతో కలిసి పారిపోవడం. సైకిలు బుట్టలో ఇంకా అచ్చవని కోతి కథ. సాహసం కావాలనే పిల్లలకి, మ్యాపులు చూడటం ఇష్టమైనవాళ్లకి, ఎనిమిది దాటాక.

పీటర్ రాబిట్ కథలు రాసిన బీట్రిక్స్ పాటర్ మీద డెబొరా హాప్కిన్సన్ పుస్తకం, అరువు తెచ్చుకున్న గినీపిగ్ కథ, నవ్వు తెప్పిస్తుంది. కానీ దాన్ని జీవితకథ అనుకుని కొనొద్దు. అసలు సంఘటన 1893లో, పాటర్‌కి 26 ఏళ్లప్పుడు జరిగింది. పుస్తకంలో ఆమెను చిన్నపిల్లగా చూపించారు. కల్పన ఎక్కడుందో రచయిత్రి చివర ఒక మాట రాశారు, అది చదవకుండా పుస్తకం మూసేయొద్దు. ఏ జీవితకథ కొన్నా ఈ చివరిమాట ఉందా లేదా అని చూడటం మంచి అలవాటు. పిల్లల కోసమని మాటలు, సంభాషణలు కల్పించినప్పుడు ఆ సంగతి నిజాయితీగా చెప్పే పుస్తకాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

మన దేశంలోని బాల్యం కావాలంటే

రస్కిన్ బాండ్ కథ బడి పాఠంగానో, ఇంట్లో పుస్తకంగానో చాలామంది పిల్లలకి పరిచయమే. 2017లో పఫిన్ వేసిన 'లుకింగ్ ఫర్ ది రెయిన్‌బో' ఆయన తన బాల్యం గురించి తానే రాసుకున్నది. పైవాటిలా పేజీ నిండా బొమ్మలుండవు, మాటలే ఎక్కువ, మధ్యమధ్యలో చిత్రాలు. ఎనిమిదేళ్ల వయసులో బోర్డింగ్ స్కూలు తప్పించుకుని, వైమానిక దళంలో పనిచేసే నాన్నతో ఢిల్లీలో గడిపిన రోజులవి. సినిమాలు, తపాలా బిళ్లలు, పుస్తకాలు, నాన్నతో నడక. భాష తేట. మన దగ్గర అచ్చయిన పుస్తకం కాబట్టి ధరా తక్కువే. తొమ్మిదేళ్ల పిల్ల తనంతట తానే చదువుకోగలదు.

1944లో, బాండ్‌కి పదేళ్లప్పుడు, నాన్న మలేరియాతో కలకత్తాలో పోయాడు. అప్పటికి పిల్లాడు సిమ్లాలో హాస్టల్లో ఉన్నాడు. నాన్న రాసిన ఉత్తరాల కట్ట దగ్గర పెట్టుకుంటే, పోతాయేమో, నేను దాచిపెడతానని ప్రిన్సిపల్ తీసుకున్నాడు. సెలవులకి ఇంటికి వెళ్లేముందు అడిగితే, ఏ ఉత్తరాలు అన్నాడు. బాండ్ దీన్ని తర్వాత రాసుకున్నాడు. ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లకి ఈ పుస్తకం ఇవ్వాలనుకుంటే, ముందు మీరు చదవండి, తర్వాత పక్కన కూర్చుని చదవండి. హాస్టల్‌కి పంపబోయే పిల్లకి మాత్రం పంపే ముందు ఇవ్వొద్దు, వచ్చిన సెలవుల్లో ఇవ్వండి.

మన దేశంలోది కాకపోయినా, రచయిత తానే రాసుకున్నది ఇంకొకటి: రోల్డ్ డాల్ 1984లో రాసుకున్న 'బాయ్', పదేళ్లు దాటినవాళ్లకి. బెత్తం దెబ్బలు చాలా ఉన్నాయి, చచ్చిన ఎలుకని మిఠాయి కొట్టు సీసాలో వేసిన అల్లరి కూడా ఉంది. బొమ్మల పుస్తకం వయసు దాటేసిన పిల్లాడు ఇవన్నీ చిన్నపిల్లలవి అని ముఖం తిప్పుకుంటే దీన్ని చేతిలో పెట్టండి.

అమెరికాలో ఉన్నవాళ్లు వీటిని పబ్లిక్ లైబ్రరీలో బొమ్మల పుస్తకాల అరలో వెతికితే తరచు దొరకవు. పిల్లల విభాగంలో జీవితకథల అర వేరుగా ఉంటుంది, అక్కడ రాసినవాళ్ల పేరుతో కాకుండా ఎవరి మీద రాశారో వాళ్ల పేరుతో పేర్చుతారు. క్రల్ పేరు కింద కాకుండా స్యూస్ పేరు కింద చూడండి, లేకపోతే కౌంటర్ దగ్గర అడిగితే వేరే బ్రాంచి నుంచి తెప్పిస్తారు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పూట ఆబిడ్స్ పాత పుస్తకాల బాటలో పిల్లల ఇంగ్లీషు పుస్తకాల గుట్టలు ఓపిగ్గా తిరగేయండి. దొరికిన పుస్తకంలో చివరి పేజీలు చిరిగిపోలేదు కదా అని చూసి మరీ తీసుకోండి. రచయిత చివరిమాట ఉండేది అక్కడే.